హాస్టల్ లేదంటే తానే పెట్టుకున్న అమ్మాయి



కొత్త విద్యా సంవత్సరం మొదలవగానే మమ్మల్ని చాలామంది అడిగే మాట ఒకటుంది: మా పాపకు లీడర్ బ్యాడ్జ్ వస్తుందా? మంచి కోరికే. అయితే బ్యాడ్జ్ లేకుండానే యూనివర్సిటీలో నాయకురాలైన ఒక తెలుగు విద్యార్థిని గురించి ఈ నెల మీకు చెప్పాలనుంది. ఆమే దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని ఆమె తేల్చి చెప్పారు. ఆ రోజుల్లో ఏ ఇంట్లోనైనా పెద్ద గొడవ అయ్యే విషయమది. కానీ తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వద్దాం.

బడిలో ఇంగ్లీషు మీడియం పెట్టడం నచ్చక పన్నెండేళ్లకే ఆమె చదువు మానేశారు. ఇంగ్లీషు మీడియం టీచర్‌గా ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తోంది! బడి మానేసి ఊరికే కూర్చోలేదు. హిందీ నేర్చుకుని, రాజమండ్రిలో ఆడపిల్లల కోసం హిందీ పాఠశాల నడిపారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో వాలంటీర్‌గా ఉన్నప్పుడు, టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఎగ్జిబిషన్ గేటు దగ్గరే ఆపేశారు. టికెట్ కొన్నాకే లోపలికి పంపారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. చేసిన నేరమేమిటో కూడా తెలియకుండా శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్లను అక్కడ చూశారు. వాళ్ల తరఫున మాట్లాడాలంటే చట్టం తెలియాలి. అది తెలియాలంటే ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టాలి. అలా బయటికొచ్చాక, వద్దనుకున్న ఇంగ్లీషునే పట్టుదలగా నేర్చుకుని, బెనారస్ హిందూ యూనివర్సిటీ మెట్రిక్ పరీక్ష పాసయ్యారు.

తర్వాత వాల్తేరులోని ఆంధ్ర యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ సీటు అడిగారు. అమ్మాయిలకు హాస్టల్ లేదు కాబట్టి సీటు ఇవ్వలేమన్నారు. ఇలాంటి జవాబు వస్తే మనలో చాలామంది ఏం చేస్తాం? ఎవరినైనా పట్టుకుని రికమండేషన్ చేయిస్తాం. లేదా ఇంకో కాలేజీ చూసుకుంటాం. దుర్గాబాయి పేపర్లో ప్రకటన ఇచ్చారు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనను కలవమని కోరారు. పదిమంది దాకా ముందుకొచ్చారు. అందరూ కలిసి హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారు. దాంతో యూనివర్సిటీ చెప్పిన అడ్డంకి తొలగిపోయింది, సీటు వచ్చింది.

తన ఒక్కదాని ఇబ్బందిని ఆమె పదిమంది ఇబ్బందిగా చూశారు. ఫిర్యాదుతో ఆగకుండా పరిష్కారంతో వెళ్లారు. లీడర్‌షిప్ అంటే ఇదే కదా!

ఆ చదువుకునే రోజుల్లోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. 1942లో లా డిగ్రీ పూర్తయింది. ఆ తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1981లో కన్నుమూశారు.

ఇప్పుడు మళ్లీ ఆ తండ్రి దగ్గరికి వద్దాం. పెద్ద నిర్ణయం తీసుకున్న కూతురికి ఆయన అండగా నిలిచారు. అలాంటి ఇంట్లో పెరిగిన అమ్మాయికి తర్వాత యూనివర్సిటీని ప్రశ్నించడం కొత్తేమీ కాలేదు. మన పిల్లలు కూడా కొన్నేళ్లలో యూనివర్సిటీ గేటు దగ్గర నిలబడతారు. అక్కడ వాళ్ల పక్కన మనం ఉండం. అందుకే ఈ అలవాటు ఇప్పుడే మొదలుపెడదాం. బస్సు రూట్ మారాలన్నా, లైబ్రరీలో ఒక పుస్తకం కావాలన్నా మీరు వెంటనే ఫోన్ చేయకండి. ఇంకెవరికి ఇదే ఇబ్బంది ఉందో కనుక్కోమని పిల్లలకే చెప్పండి. అందరూ కలిసి ఒక లెటర్ రాసి తేనివ్వండి.

అందులో స్పెల్లింగ్ తప్పులున్నా ఫర్వాలేదు, అవి దిద్దడానికి మేమున్నాం.