పారిస్‌కూ ఢిల్లీకీ నడుమ ఎడ్వర్డ్ గుబేర్

పుదుచ్చేరి పట్టణంలోని ఉప్పళం నేడు ఒక శాసనసభా నియోజకవర్గం. తమిళంలో ఆ మాటకు ఉప్పుమడి అని అర్థం. 1815 నాటి ఒప్పందంలో ఫ్రెంచివారు తమ భూభాగంలో పండే ఉప్పును కొనే హక్కు ఇంగ్లీషువారికి ధారాదత్తం చేసి, ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు పుచ్చుకొనేందుకు అంగీకరించారు. సొంత రాబడిని వదులుకొని పరుల ఖజానా వైపు చూడవలసిన దుస్థితి ఈ చిన్న గడ్డకు అంత పాతది. ఆ పరాధీనతను రెండు రాజధానుల ఎదుట చవిచూసిన నాయకుడు ఎడ్వర్డ్ గుబేర్.

గుబేర్ 1894లో పుదుచ్చేరిలో జన్మించారు. తండ్రి ఫ్రెంచి జాతీయుడు, తల్లి భారతీయురాలు. న్యాయశాస్త్రం అభ్యసించి, న్యాయస్థానంలో ఉద్యోగం చేసి, తరువాత రాజకీయాలలో ప్రవేశించారు. 1947లో ఏర్పడిన ఫ్రెంచి ఇండియా సోషలిస్టు పార్టీకి ఆయనే సారథి. 1951లో పారిస్‌లోని జాతీయసభకు ఎన్నికైనారు. ఆనాటికి ఆయన ఫ్రాన్సు పక్షమే.

కాని చుట్టూ ఉన్న భారతదేశంతో తెగతెంపులు చేసుకొని ఆ గడ్డ బ్రతకజాలదు. 1949లో సుంకాల ఒప్పందం రద్దు కావడంతో సరిహద్దులు బిగిశాయి, నిత్యావసరాలకు ఇబ్బంది కలిగింది. పారిస్‌తోనూ గుబేర్‌కు సఖ్యత చెడింది. 1954 మార్చిలో ఆయన విలీన పక్షం వహించారు, నెట్టపాక్కంలో తాత్కాలిక ప్రభుత్వం వెలసింది. అక్టోబరు 18న కీళూరులో ఓటు వేసిన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది విలీనాన్ని ఆమోదించారు. నవంబరు 1న పాలన భారత ప్రభుత్వానికి సంక్రమించింది.

1962లో ఫ్రెంచి పార్లమెంటు ఆమోదంతో ఆ బదిలీకి చట్టబద్ధత లభించింది. 1963 జూలై 1న గుబేర్ కేంద్రపాలిత ప్రాంతానికి తొలి ముఖ్యమంత్రి అయినారు. పదవి దక్కినది గాని, పగ్గాలు పూర్తిగా దక్కలేదు. మంత్రివర్గానికీ పాలనాధికారికీ అభిప్రాయభేదం వస్తే విషయం రాష్ట్రపతికి నివేదించాలనీ, అత్యవసరమైతే ఈలోగా పాలనాధికారే చర్య తీసుకోవచ్చుననీ ఆ ఏటి చట్టం నిర్దేశించింది. 1964 ఎన్నికల పిమ్మట ముఖ్యమంత్రి పదవి వెంకటసుబ్బా రెడ్డియార్‌కు దక్కింది. గుబేర్ 1979లో కన్నుమూశారు. పుదుచ్చేరి సముద్రతీర వీధికి ఆయన పేరే ఉన్నది.

ఆయన వెళ్ళిపోయినా ఆ చట్టం ఉన్నది. ఆంధ్రప్రదేశ్ నడుమ యానాం, కేరళ నడుమ మాహే, తమిళనాడు తీరాన కారైకాల్, పుదుచ్చేరి, ఈ నాలుగు ముక్కలకూ ఒకే శాసనసభ. రాష్ట్రం కానందున ఆర్థిక సంఘం పంపకాలలో రాష్ట్రాలతోపాటు వాటా లేదు. శాసనసభకు ముగ్గురిని నామినేట్ చేసే అధికారం కేంద్రానిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. రాజీనామాలతో బలం తగ్గిన మంత్రివర్గం 2021 ఫిబ్రవరిలో పడిపోయినపుడు ఆ ముగ్గురి ఓటు హక్కే వివాదాంశమైనది.

కేంద్ర నిధులు పొందే చిన్న ప్రాంతంపై కేంద్రానికి అజమాయిషీ ఉండవలెనన్న వాదన కొట్టివేయదగినది కాదు. అయితే లెక్కలు అడగడం వేరు, ప్రజలెన్నుకొన్న మంత్రివర్గం చేయి పట్టుకొనడం వేరు. యానాంలో ఒక ఆసుపత్రికో బడికో సంబంధించిన నిర్ణయం ఢిల్లీ దాకా నడిస్తే, ఆలస్యానికి మూల్యం చెల్లించేది అక్కడి తెలుగువాడే. రాష్ట్ర ప్రతిపత్తి కోరుతూ పుదుచ్చేరి శాసనసభ పలుమార్లు తీర్మానించింది. ప్రతిపత్తి ఈయదలచకపోతే, ఏ అధికారం ఎవరిదో 1963 చట్టాన్ని సవరించి స్పష్టం చేయడమైనా పార్లమెంటు విధి.