కృష్ణచంద్ర గజపతి

ఏటా ఏప్రిల్ 1న ఒడిశాలో ఉత్కళ దినోత్సవం జరుగుతుంది. ఆనాడు మహనీయుల విగ్రహాలకు పూలమాలలు వేస్తారు. అట్టి మహనీయులలో పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ ఒకరు. విగ్రహం మనిషి రూపాన్ని మాత్రమే చూపుతుంది. ఆయన గొప్పతనం తెలియాలంటే ఆయన జీవితాన్ని తెలుసుకోవాలి.

కృష్ణచంద్ర గజపతి 1892 ఏప్రిల్ 26న జన్మించారు. తండ్రి గౌరచంద్ర గజపతి. చిన్నతనంలోనే తండ్రి మరణించారు. కృష్ణచంద్రులు మద్రాసులో చదువుకొని, యుక్తవయస్సు రాగానే జమీందారీ బాధ్యతలు స్వీకరించారు. నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో ఏర్పడిన చిన్న రైలుమార్గం ఆయన కాలంలోనే గుణుపురం వరకు సాగింది. భారతదేశ వ్యవసాయ పరిస్థితులను పరిశీలించిన రాయల్ కమిషన్‌లో ఆయన సభ్యులుగా పనిచేశారు.

ఆ రోజుల్లో ఒడియా మాట్లాడేవారు వేర్వేరు రాష్ట్రాలలో చెదరి ఉండేవారు. బరంపురం, గంజాం ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. వీరందరికీ ఒక రాష్ట్రం కావాలని గజపతి 1930లో లండన్ రౌండు టేబుల్ సమావేశానికి వెళ్ళి కోరారు. పలువురి కృషి ఫలించి 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. 1937లో గజపతి దాని తొలి ప్రధానమంత్రి అయ్యారు. రాష్ట్ర ముఖ్యమంత్రిని అప్పుడు అలాగే పిలిచేవారు. 1941 నుండి 1944 వరకు ఆయన మరల ఆ పదవిలో ఉన్నారు.

అయితే పర్లాకిమిడిలో తెలుగువారు, ఒడియావారు, సవరలు కలిసిమెలిసి జీవించేవారు. అందువల్ల సరిహద్దు గీయడం సులభం కాలేదు. పట్టణం ఒడిశాలో చేరింది. జమీందారీలో చాలా భాగం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. కోరిన రాష్ట్రం వచ్చింది గాని, రాజుగారి జమీందారీ రెండుగా చీలింది. అక్కడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రచించిన గిడుగు రామమూర్తి పంతులుగారికి ఈ మార్పు బాధ కలిగించింది. ఆయన 1936లో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఇద్దరూ తమ తమ భాషలను ప్రేమించినవారే. ఒకరికి సంతోషమైనది మరొకరికి దుఃఖమైంది.

గజపతి 1974 మే 25న కన్నుమూశారు. 1962లో స్థాపించిన బరంపురం వైద్య కళాశాల నేడు ఆయన పేరు ధరించి ఉంది. 1992లో గంజాం నుండి విడదీసిన జిల్లాకు గజపతి జిల్లా అని పేరు పెట్టారు. నౌపడా రైలు నేటికీ ఆంధ్రప్రదేశ్‌లో బయలుదేరి ఒడిశాకు చేరుతుంది. అందులో తెలుగు, ఒడియా మాటలు పక్కపక్కనే వినిపిస్తాయి. సరిహద్దు భూమిని విభజించవచ్చు. ఇరుగుపొరుగుల స్నేహాన్ని విభజించకుండా కాపాడుకోవడం మన చేతిలోనే ఉంది.