ఏం పని చేస్తావని అడిగిన వైద్యుడు

ఆదోని పత్తి జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవారికి, ఎమ్మిగనూరులో మగ్గం మీద బతికేవారికి ఆయాసం వస్తే, వయసనో బీడీ అలవాటనో చెప్పుకొని మనం ఊరుకుంటాము. ఆయాసానికి మూలం ఎక్కడుందో వెదకమని వైద్యలోకానికి నేర్పిన ఒక వ్యక్తిని ఈ వారం తలచుకుందాము.

బెర్నార్డినో రమజ్జిని 1633లో ఇటలీలోని కార్పి పట్టణంలో జన్మించాడు. పార్మాలో వైద్యం చదివి, మోదెనాలో ఆచార్యుడయ్యాడు. ఒకనాడు ఆయన ఇంటి మరుగుదొడ్డి గుంట ఎత్తిపోస్తున్న కూలీ ఆత్రంగా పని ముగించడం చూసి కారణం అడిగాడు. ఎక్కువసేపు అందులో ఉంటే కళ్లు దెబ్బతింటాయని ఆ పేదవాడు చెప్పాడు. ఆ జవాబు రమజ్జినిని కదిలించింది. నాటినుండి ఆయన పనివారి కొట్లలోకి స్వయంగా వెళ్లి, వారు దేన్ని ముట్టుకుంటున్నారో, దేన్ని పీలుస్తున్నారో గమనించాడు.

1700లో పనివారి వ్యాధులపై లాటిన్ భాషలో గ్రంథం ప్రచురించాడు. అందులో 40కి పైగా వృత్తులను పరిశీలించాడు. నార దువ్వేవారు ధూళి పీల్చి దగ్గుతో, ఉబ్బసంతో బాధపడుతున్నారని రాశాడు. రాళ్లు చెక్కేవారి, ధాన్యం జల్లించేవారి ఆయాసాన్నీ వివరించాడు. హిప్పోక్రటీస్ కాలం నుండి వైద్యులు రోగిని అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు, నీవు చేసే పని ఏమిటనే ప్రశ్నను చేర్చాడు. అదే ఏట పాడువా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ముసలితనంలో చూపు పోతున్నా బోధన మానలేదు. 1714లో అక్కడే కన్నుమూశాడు.

ఆ ప్రశ్న విలువ నేటికీ తగ్గలేదు. పత్తి ధూళి వల్ల వచ్చే బిసినోసిస్ అనే జబ్బు ఎక్స్‌రేలో తేలికగా పట్టుబడదు. సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటిరోజు ఛాతీ బిగుసుకోవడం దాని గుర్తు. తొలినాళ్లలో మిగతా రోజులు తేలికగా గడుస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆయాసం రోజూ ఉంటుంది. పని సంగతి అడగని వైద్యుడు దీన్ని మామూలు ఉబ్బసమే అనుకోవచ్చు.

అయితే ప్రతి ఆయాసమూ ధూళి వల్ల రాదు. రక్తహీనత, క్షయ, గుండెజబ్బు కూడా ఊపిరి ఆడనివ్వవు. రక్తం, కఫం, ఈసీజీ, ఊపిరి ఊదించి చూసే పరీక్ష అందుకే అవసరం.

ప్రియ పాఠకులారా, మీ ఇంట ఆయాసపడేవారిని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు వారు ఏ పని చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో, ఏ రోజు ఎక్కువవుతుందో వైద్యునికి చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.