కైవారం తాతయ్యగారు

చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం బజారులలో వ్యాపారము చేయు మన కుటుంబములకు కైవారం తాతయ్యగారి పేరు క్రొత్తది కాదు. చింతామణి తాలూకాలోని కైవారమే వారి ఊరు. యోగి నారేయణ యతీంద్రులని ప్రసిద్ధి. 1726లో జన్మించి 1836 వరకు, నూటపది యేండ్లు జీవించిరని భక్తుల లెక్క. ఆ నడుమ హైదరు వచ్చెను, టిప్పు పోయెను, 1799లో శ్రీరంగపట్టణము కూలెను.

వారిదియు మనవలె వర్తకమే. బలిజ కులమున పుట్టి, గాజుల మలారము భుజాన వేసికొని ఊరూర తిరిగిరి. వ్యాపారము మాత్రము కలిసిరాలేదనియు, అందుచే ఇంట మాటలు పడిరనియు చెప్పుదురు. సంపాదింపలేని మగవాడు ఎందుకూ కొరగాడని లోకము అనును; పదే పదే వినగా వినగా ఆ మనిషియు అదే నమ్మును. అంగడిలో కూర్చున్నవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. దివాలా తీసినవాని ముఖము చూచినవారమే గదా!

అట్టి దినములలో పరదేశి స్వామియను గురువు ఎదురయ్యెనట. అష్టాక్షరి నుపదేశించి, ఒక గులకరాయి నోట నుంచుకొని అది కలకండ యగువరకు జపింపుమని చెప్పెనట. తాతయ్యగారు కైవారమందలి నరసింహస్వామి గుహలో కూర్చుండిరి. ఒకనాడు నాలుకపై రాయి తియ్యనయ్యెను.

రాయి కలకండ యగునా యని అడుగువారు అడుగుదురు. నాకు ముఖ్యమనిపించినది వేరు. ఆ క్షణము వరకు ఆయన తన దృష్టిలో తాను చెడిన వర్తకుడు. ఆ తరువాత ఆ పేరు ఆయనకు అతకలేదు. మరల మలారము ఎత్తలేదు. మన ఆదిపురాణమునను ఇట్టి ఘట్టము కలదు. నీలాంజన నాట్యమాడుచునే ఆయువు తీరి మాయమైనప్పుడు, సింహాసనముపై నున్న ఋషభదేవులకు తాము రాజుమాత్రమే కామని తోచెను. అంతకు ముందు ఎన్ని నాట్యములు చూడలేదు! నాట్యము నిమిత్తము, ఉపాదానము ఆత్మయే. పరదేశి స్వామియు, గులకరాయియు అట్టివే. గుహలో జపించినది మాత్రము తాతయ్యగారే.

తరువాత వారు అమరనారేయణ ముద్రతో కీర్తనలు, శతకము, కాలజ్ఞానము చెప్పిరి. నేటికిని గురుపూర్ణిమకు విద్వాంసులు కైవారము చేరి పాడుచుందురు. ఆ పదములు కొన్ని తెలుగు, కొన్ని కన్నడము. సంతలలో ఇరుభాషల వారితోను గాజులు బేరమాడిన నాలుక గదా!