చివరి ముద్ద దగ్గర ఆగిన రాజు
కోసల రాజు పసేనది జీవితం



ధమ్మ బంధువులారా, బరువు తగ్గాలి, తిండి తగ్గించండి అని డాక్టరు చెప్పిన రోజున అందరం సరేనంటాం. నాలుగు రోజులు గట్టిగా ఉంటాం. అయిదో రోజుకు మళ్లీ పాత కంచం, పాత కొలతే. ఈ అవస్థ ఈనాటిది కాదు. రెండున్నర వేల ఏళ్ల కిందట ఒక మహారాజు కూడా ఇదే పడ్డాడు. ఆయన దాని నుంచి ఎలా బయటపడ్డాడో సంయుత్త నికాయం చెబుతోంది.

ఆయన పేరు పసేనది. సంస్కృతంలో ప్రసేనజిత్తు అంటారు. కోసల రాజ్యాన్ని ఏలాడు. రాజధాని సావత్థి, అంటే నేటి ఉత్తరప్రదేశ్‌లోని శ్రావస్తి. తండ్రి మహాకోసలుడు. చదువు తక్షశిలలో. అక్కడ తనతో చదివిన మల్లుల యువకుడు బంధులుణ్ణి తర్వాత తన సేనాపతిగా చేసుకున్నాడు.

పసేనది మొదటి నుంచీ ధమ్మంలో ఉన్న మనిషి కాదు. ఒకసారి పెద్ద యజ్ఞం తలపెట్టాడు. 500 ఎడ్లు, 500 కోడెలు, 500 పెయ్యలు, 500 మేకలు, 500 పొట్టేళ్లను బలి కోసం స్తంభాలకు కట్టించాడు. దాసులు, పనివాళ్లు దెబ్బలకు భయపడి, కన్నీళ్లు కారుస్తూ ఆ ఏర్పాట్లు చేశారు. ప్రాణాలు తీసే అలాంటి యజ్ఞాల వల్ల గొప్ప ఫలమేమీ రాదని తథాగతుడు తేల్చి చెప్పాడు.

ఆయన రాణి మల్లిక పూలదండలు కట్టేవాళ్ల ఇంటి పిల్ల. పెళ్లికి ముందు ఒకరోజు, తాను తినడానికి పూలబుట్టలో తెచ్చుకున్న కుమ్మాసం ముద్దల్ని బుద్ధుడి భిక్షాపాత్రలో పెట్టింది. కులం చిన్నదనేవాళ్లు అన్నారేమో గానీ, ఆ ఇంట్లో తెలివిగా ఆలోచించే మనిషి ఆమే. ఆమెకు ఆడపిల్ల పుట్టిందని రాజు మొహం చిన్నబుచ్చుకుంటే, కూతురు కొడుకు కంటే మిన్న కావచ్చని తథాగతుడు ఆయనకు నచ్చజెప్పాడు.

ఇక తిండి సంగతి. పసేనది పూటకు ఒక ద్రోణం బియ్యం వండించుకొని, కూరలతో సహా తినేవాడు. ద్రోణం అంటే మామూలు లెక్కలో 16 నాళికలు. మనిషికి సరిపోయే కొలత నాళిక. ఒకరోజు అలా తిని జేతవనానికి వెళ్లాడు. ఆయాసంతో రొప్పుతూ ఒక పక్కన కూర్చున్నాడు. తథాగతుడు ఆయన అవస్థ చూశాడు. తిట్టలేదు, పాపమనలేదు, ఉపవాసం చేయమనలేదు. ఎరుకతో ఉంటూ, దొరికిన అన్నంలో కూడా తన కొలత తెలిసి తినేవాడికి బాధలు తగ్గుతాయనీ, ముసలితనం నెమ్మదిగా వస్తుందనీ, ఆయుష్షు నిలుస్తుందనీ ఒక చిన్న గాథలో చెప్పాడు.

రాజు వెనక సుదస్సనుడనే యువకుడు నిలబడి ఉన్నాడు. ఆ గాథ నేర్చుకొని, తాను భోజనం చేసేటప్పుడు వినిపించమని రాజు అతనికి పని అప్పగించాడు. రోజుకు 100 కహాపణాలు ఇస్తానన్నాడు. చూడండి, దేశం మొత్తం తన మాట వింటుంది, తన చెయ్యి మాత్రం తన మాట వినడం లేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి రాజు సిగ్గుపడలేదు.

అసలు కిటుకు అట్ఠకథల్లో ఉంది. ఆ గాథను భోజనం మొదట్లో వినిపించకూడదు. రాజు చివరి ముద్ద ఎత్తబోయే సమయానికే వినిపించాలి. రాజు ఆ ముద్ద వదిలేస్తాడు. ఆ ముద్దలో ఎన్ని మెతుకులున్నాయో లెక్కపెట్టి, మర్నాడు అన్ని బియ్యపు గింజలు తగ్గించి వండాలి. అంటే ఏ రోజూ రాజు ఆకలితో లేవలేదు. ముందు రోజు కంటే ఒక్క ముద్ద తక్కువ తిన్నాడు, అంతే. అలా తగ్గుతూ తగ్గుతూ ఒక నాళిక దగ్గర ఆగాడు. అక్కడితో సరిపెట్టుకున్నాడు గానీ ఇంకా ఇంకా తగ్గించుకుంటూ పోలేదు. ఒళ్లు తేలికయ్యాక తన చేతుల్ని తానే నిమురుకొని, తథాగతుడు తనకు ఈ బతుకులోనూ ముందు బతుకులోనూ మేలు చేశాడని సంతోషపడ్డాడట.

బంధువులారా, మన అమ్మానాన్నలు, తాతలు కడుపునిండా తినడానికే పోరాడారు. వాళ్ల ఆకలి ఇంకా మన గుర్తులో ఉంది. అందుకే ముద్ద వదలమంటే మనకు మనసు ఒప్పదు, కంచంలో మిగల్చడం తప్పనిపిస్తుంది. ఆ మనసు తప్పు కాదు. కానీ కొలత వేరు, ఆకలి వేరు. ఉరువేలలో ఎముకలు తేలేదాకా పస్తులుండి, అది దారి కాదని వదిలేసినవాడు మన బుద్ధుడే. ఆయన చెప్పింది పస్తు కాదు, పాళీలో మత్తఞ్ఞుత, అంటే మాత్ర తెలియడం. అన్నం పారేయక్కర్లేదు. వండేటప్పుడే ఒక పిడికెడు తగ్గిస్తే చాలు. 30 గ్రాముల బియ్యం అంటే సుమారు 100 క్యాలరీలు. రోజూ ఒకే గ్లాసుతో బియ్యం కొలవండి. వడ్డించేది ఒకసారే అని ఇంట్లో అనుకోండి. రెండోసారి గిన్నె వైపు చెయ్యి వెళ్లేటప్పుడు గుర్తుచేసే పని ఒకరికి అప్పగించండి, భార్యకో, భర్తకో, పిల్లలకో. ఒకరోజు తప్పితే మర్నాడు మళ్లీ అదే గ్లాసు. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే తగ్గించాలి.

పసేనది కథ ఇక్కడితో అయిపోలేదు. తిండి దగ్గర ఎరుక నేర్చిన రాజు, చాడీల దగ్గర అది మరిచాడు. లంచగొండి న్యాయాధికారుల మాట నమ్మి బంధులుణ్ణీ అతని కొడుకుల్నీ చంపించాడు. నిజం తెలిశాక కుమిలిపోయి, బంధులుడి మేనల్లుడు దీఘ కారాయనుడికి సేనాపతి పదవి ఇచ్చాడు. మేనల్లుడు ఆ హత్య మరిచిపోలేదు. 80 ఏళ్ల వయసులో రాజు తన కత్తి, తలపాగా అతని చేతికిచ్చి తథాగతుణ్ణి చూడటానికి లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కారాయనుడు వాటితో వెళ్లిపోయి, రాజు కొడుకు విడూడభుణ్ణి రాజును చేశాడు. సాయం కోసం పసేనది రాజగృహం దాకా వెళ్లాడు. అప్పటికే రాత్రి, కోట తలుపులు మూసేశారు. బయట ఉన్న సత్రంలోనే ప్రాణం విడిచాడు.

కంచం దగ్గర ఆయనకు గుర్తుచేయడానికి సుదస్సనుడున్నాడు. కోపం వచ్చినప్పుడు గుర్తుచేసేవాడు లేకపోయాడు. ఎరుక ఒక్క తిండికే చాలదని ఆయన బతుకు చెబుతోంది. అయితే మొదలుపెట్టడానికి కంచం కంటే దగ్గర్లో ఉన్న చోటు ఇంకోటి లేదు. ఈ పూట భోజనం దగ్గరే మొదలుపెడదాం.

భవతు సబ్బ మంగళం.