పాటలోని ‘తేడా’ను కొలిచిన కార్ల్ సీషోర్

కంప్యూటర్‌లో సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్ వాడినవారికి ‘హ్యూమనైజ్’ అనే మీట తెలిసే ఉంటుంది. యంత్రం వాయించే పాట మరీ గడియారం కొట్టినట్టు ఉంటే, ఈ మీట స్వరాలను కొద్దిగా ముందుకో వెనక్కో జరుపుతుంది, కొన్నిటిని గట్టిగా, కొన్నిటిని మెల్లగా మారుస్తుంది. అయినా ఎవరో మనిషి వాయించినట్టు పూర్తిగా అనిపించదు. దీనికి కారణం కంప్యూటర్లు రాకముందే ఒకాయన పరిశోధనల్లో దొరికింది. ఆయనే కార్ల్ సీషోర్. మనలాగే అమెరికాకు వలస వచ్చినవాడు.

సీషోర్ 1866 జనవరి 28న స్వీడన్‌లోని మోర్లుండాలో పుట్టారు. ఆయన పసివాడిగా ఉండగానే కుటుంబం అయోవా రాష్ట్రానికి వచ్చి వ్యవసాయంలో స్థిరపడింది. స్యోస్ట్రాండ్ అనే ఇంటిపేరును ఇంగ్లీషులోకి మార్చుకుని సీషోర్ అయ్యారు. అంటే సముద్రతీరం. అయోవా నుంచి ఎటు వెళ్ళినా సముద్రం చాలా దూరం!

1895లో యేల్ విశ్వవిద్యాలయంలో సైకాలజీలో డాక్టరేట్ పొంది, 1897లో అయోవా విశ్వవిద్యాలయంలో చేరారు. 1908 నుంచి 1936 దాకా అక్కడి గ్రాడ్యుయేట్ కాలేజీకి డీన్‌గా ఉన్నారు. ఇన్ని బాధ్యతల మధ్య కూడా ఆయన మనసు ఒక ప్రశ్న మీదే ఉండేది. మంచి సంగీతంలో ఏముంది? దాన్ని కొలవగలమా?

ఆయన బృందం గాయకుల స్వరాలను గీతలుగా మార్చి చూసింది. మన చెవికి ఒకే స్వరంలా వినిపించేది నిజానికి క్షణానికి సుమారు 6, 7 సార్లు ఊగుతోంది. ఆ ఊపు దాదాపు అరస్వరం ఉన్నా, చెవికి అంత తెలియడం లేదు. పాశ్చాత్య సంగీతంలో దీన్ని వైబ్రాటో అంటారు. మన గమకాలు వేరే సంగతి. కానీ నిలిచినట్టు వినిపించే స్వరం నిజంగా నిలిచి ఉండదన్న మాట మనవాళ్ళకు కొత్త కాదు.

పియానో కోసం ఆయన ప్రయోగశాలలో ప్రత్యేకంగా ఒక కెమెరా తయారైంది. ఏ సుత్తి తీగను ఎప్పుడు తాకింది, ఎంత వేగంతో తాకింది అన్నది ఫిల్ము మీద నమోదయ్యేది. 1983లో వచ్చిన మిడి ప్రమాణం కూడా కీబోర్డు నుంచి ముఖ్యంగా ఈ రెండు సంగతులే తీసుకుంటుంది. ఇంజినీరుగా నాకు ఇది భలే ఆశ్చర్యం కలిగించింది.

ఫిల్ములు చూస్తే, గొప్ప కళాకారులెవరూ రాసిపెట్టిన కాలానికి కచ్చితంగా వాయించడం లేదు. అయితే అవి చేయి తప్పి జరిగిన పొరపాట్లు కావు. అదే పాట మళ్ళీ వాయించినప్పుడు దాదాపు అదేచోట, అదేవిధంగా తేడా వస్తోంది. కచ్చితత్వం నుంచి కావాలని పక్కకు జరగడంలోనే కళ ఉందని సీషోర్ తేల్చారు. పాచికలు వేసినట్టు స్వరాలను జరిపే మీట ఇక్కడే ఓడిపోతుంది. మనిషి చేసే తేడాకు ఒక అర్థం ఉంటుంది.

ఆయన జీవితంలో మరో పక్క కూడా చెప్పుకోవాలి. 1919లో ఆయన సంగీత ప్రతిభకు పరీక్షలు తయారుచేసి గ్రామఫోన్ రికార్డులుగా విడుదల చేశారు. శ్రుతిలో, కాలంలో సన్నని తేడాలను పిల్లలు గుర్తించగలరా అని చూసేవి అవి. ఈ శక్తులు పుట్టుకతో వచ్చేవేనని, సాధనతో పెద్దగా మారవని ఆయన గట్టిగా నమ్మారు. ఆ మార్కులు చూసి సంగీతానికి పనికొచ్చేవారిని, పనికిరానివారిని వేరుచేయడం మొదలైంది. సంగీతాన్ని ఇలా ముక్కలుగా కోసి కొలవలేమని జేమ్స్ మర్సెల్ వంటివారు గట్టిగా విమర్శించారు. కళాకారుడి తేడాలో అందం చూసిన మనిషి, పిల్లల తేడాలను మార్కుల్లోకి కుదించడం నాకు బాధగానే అనిపిస్తుంది.

అదే మనిషి 1922లో ఇంకో మంచి పని చేశారు. సంగీత రచన, చిత్రలేఖనం, కథ, కవిత్వం వంటివాటిని కూడా డిగ్రీకి థీసిస్‌గా అంగీకరిస్తామని డీన్‌గా ప్రకటించారు. అయోవా రచయితల వర్క్‌షాప్‌కు దారి వేసింది ఆ నిర్ణయమే.

1949లో ఐడహోలోని లూయిస్టన్‌లో సీషోర్ కన్నుమూశారు. తర్వాత కొన్ని దశాబ్దాలకు ఆయన పుట్టిన స్వీడన్‌లోనే, స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్ సంస్థలో యోహాన్ సుండ్‌బెరి, వయొలిన్ విద్వాంసుడు లార్స్ ఫ్రిడేన్ కలిసి కంప్యూటర్‌కు వాయించడం నేర్పారు. ఫ్రిడేన్ శిష్యుడికి చెప్పినట్టు చెప్పడం, దాన్ని ఒక సూత్రంగా ప్రోగ్రాములో రాయడం, విని దిద్దడం. పాటలో ఒక వాక్యం ముగిసేచోట కాస్త నెమ్మదించడం లాంటి సూత్రాలు అలా ఒక్కొక్కటే చేరాయి. వారి తొలి వ్యాసాలు 1980ల్లో వచ్చాయి.

మన పిల్లలను వారాంతంలో సంగీతం క్లాసుకు తీసుకెళ్ళే మనం సీషోర్ నుంచి రెండూ నేర్చుకోవచ్చు. ఆయన కొలతల్లో తేలిన నిజాన్ని తీసుకుందాం. మా వాడికి చెవి లేదండీ అని పదేళ్ళకే తీర్పు చెప్పే తొందర మాత్రం మనకు వద్దు.