బేగంపేట దోమల డాక్టరు, మా చిన్నాడి రక్తపు చుక్క

కిందటేడు సెలవులకు ఇండియా వెళ్లి లండన్ తిరిగొచ్చాక మా చిన్నాడికి చలిజ్వరం పట్టుకుంది. మలేరియా పరీక్షకు రక్తం తీస్తే మొదటిరోజు ఏమీ కనబడలేదు. మర్నాడూ లేదు. ఇంకోసారి తీయాలంటే నేను విసుక్కున్నాను. మూడోసారి దొరికింది. మందులు పడ్డాక వాడు కోలుకున్నాడు. ఆ రోజుల్లోనే బీఎస్సీ జువాలజీలో చదివిన రొనాల్డ్ రాస్ నాకు మళ్లీ గుర్తొచ్చారు.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టారు. తండ్రి సైన్యాధికారి. కవిత్వమంటే ఇష్టమున్నా తండ్రి కోరికపై వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఆయనకు మైక్రోస్కోపులో మలేరియా క్రిమిని చూపించారు. దోమకూ దీనికీ సంబంధం ఉందన్న మాన్సన్ ఊహను పట్టుకుని రాస్ మరుసటేడు సికింద్రాబాద్ చేరారు.

అక్కడ హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించుకోమని, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా ఊపించుకోలేదు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి ఆయన కంటపడింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు.

ఇంతవరకూ పాఠాల్లో చదివినదే. ఆయన చేసిన ఇంకో మేలు మాత్రం మనకు అంతగా తెలియదు. గాజు పలకపై రక్తాన్ని పలుచగా పూస్తే, కొద్దిగా ఉన్న క్రిములు దొరకడం కష్టం. 1903లో రాస్ ఒక తేలిక పద్ధతి చెప్పారు. పెద్ద చుక్కను చిన్న జాగాలో మందంగా ఆరబెట్టి, ఎర్రరంగు నీటిలో కరిగి పోయాక రంగు వేసి చూడాలి. తక్కువ సమయంలో ఎక్కువ రక్తం వెతకవచ్చు. ఖరీదైన సామాను అక్కర్లేదు. ఆ మందపు పూత ఇప్పటికీ వాడుకలో ఉంది. మా వాడికి చేసినదీ అదే.

క్రిమి డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్ష ఇంకా తక్కువ క్రిములనూ పట్టేస్తుంది. కానీ మాటిమాటికీ వేడి పెంచి తగ్గించే యంత్రం కావాలి. పల్లె ఆసుపత్రికి అది ఎక్కడిది? అందుకే సుమారు 65 డిగ్రీల ఒకే వేడిలో జరిగే ల్యాంప్ పరీక్ష వచ్చింది. కొన్ని రకాల్లో ఫలితం రంగు మార్పుగా కంటికే కనిపిస్తుంది. కొత్త పరీక్ష కనిపెట్టడం ఎంత ముఖ్యమో, దాన్ని చిన్న ఊరికి చేర్చడం కూడా అంతే ముఖ్యమని నాకనిపిస్తుంది.

రాస్ 1932లో లండన్‌లోనే కన్నుమూశారు. అమ్మలందరికీ నా మాట ఒక్కటే. ఊరు వెళ్లొచ్చాక జ్వరమొస్తే, ఎక్కడికి వెళ్లారో డాక్టరుకు ముందే చెప్పండి. మొదటి పరీక్షలో ఏమీ లేదన్నా, మళ్లీ రమ్మంటే నాలా విసుక్కోకండి.